ముప్పై ఆరు

డ్యూటీ గదిలో కుర్చీ చేతికి
నల్లదారాలు జడలు కట్టి వేలాడుతుంటాయి.
నేను వేసిన ముడులవి.
ఎడంచేత్తో వెయ్యి వేస్తే గాని
నా వేళ్ళకి ఒక్కటి అబ్బదు.

ఇళంగోకి ఒకసారి చూస్తే చాలు.
పుస్తకం తిరగేసి
పేజీ నంబరుతో సహా అప్పజెబుతాడు.
గుమ్మంలోంచే రోగిని చూసి
జబ్బు పేరు చెప్పేసి టీకి పోతాడు.
దాదాపు ఎప్పుడూ ఒప్పే.

నేను సూళ్ళూరుపేట పిల్లని.
రెండుసార్లు ఎంట్రన్సు తప్పి మూడోసారి గట్టెక్కినదాన్ని.
"నీది గానుగెద్దు ఓపికమ్మా" అన్నారు మా ప్రొఫెసరు.
మెచ్చుకున్నారో తిట్టారో
ఇప్పటికీ తేలలేదు.

ఈ రాత్రి మూడున్నరకి
కొత్త జూనియరు సుహిత
చల్లారిన ఇడ్లీ పొట్లం విప్పుతూ అడిగింది:
"అక్కా, ఇక్కడ నెగ్గుకురావాలంటే
బుర్రా? కష్టమా?"

చట్నీ కారుతోంది, తుడుచుకోమన్నాను.

పోయిన కార్తీకం ముసురులో,
సెంట్రల్ ముందు మోకాలి లోతు నీళ్ళలో,
వ్యాసర్పాడి నుంచి ఒక పదహారేళ్ళ పిల్ల వచ్చింది.
సగం దూరం ఆటోలో, సగం దూరం తండ్రి భుజం మీద.
కడుపు పట్టుకుని మెలికలు. వాంతులు.
ఇళంగో పొట్ట మీద చెయ్యి పెట్టి తీశాడు.
"అపెండిక్స్. థియేటర్‌కి చెప్పు."

నేను గడియారం చూస్తూ
నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాను.
అందరూ పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తారు,
నేనలా చెయ్యను.
ముప్పై ఆరు.
షీటు మీద గుండ్రంగా రాసి
కింద గీత కూడా గీశాను.
గీసి, తండ్రి సంతకానికి ఫారం వెతుక్కుంటూ పోయాను.

కన్నియమ్మ వాంతి తుడుస్తోంది.
ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే వార్డు, అదే ఫినాయిలు,
ఇంకా కాంట్రాక్టే.
నడుమెత్తి, ఆ పిల్ల ముఖం దాకా వంగి,
తన తమిళం కలిసిన తెలుగులో
ఎవరితోనో అన్నట్టు అంది:
"ఈ బిడ్డ నోట్లో
మాగి చెడిన పండు వాసన వస్తా ఉండాది పాపా.
ఆ మూల మంచంలో చక్కెర జబ్బాయన ఉండాడే,
ఆయప్పకీ పోయే ముందు రోజు ఇదే."

ఇళంగో నవ్వబోయి ఆగాడు.
వేలి కొసన ఒక చుక్క.
మీటరులో అంకె రాలేదు,
హై అని మాత్రం వచ్చింది.

కత్తి పడాల్సిన చోట
సెలైను, ఇన్సులిను, తెల్లవార్లూ కాపలా.
రెండో రోజు పొద్దున్నే ఆ పిల్ల టీ అడిగింది,
చక్కెర ఎక్కువేసి.

ఇళంగో మెట్ల మీద కూర్చుని
ఒకే పేజీని రెండోసారి చదవడం
అప్పుడే చూశాను.
నేను మాత్రం నా ముప్పై ఆరు వంకే చూస్తూ ఉండిపోయాను.
ఎంత శ్రద్ధగా రాశానో!
ఆ అంకె నన్ను పిలుస్తూనే ఉంది,
గీత గీసి దాని నోరు మూశాను.

మరి కన్నియమ్మది?
తెలివి అందామంటే ఆమెకి ఎవరూ పరీక్ష పెట్టలేదు.
కష్టం అందామంటే
మూడేళ్ళుగా నేనూ ఆ గాలే పీలుస్తున్నాను.
కేసు షీటులో ఆమె పేరుకి గడి లేదు.
మార్జిన్లో రాశాను.
సీనియరు కొట్టేశాడు.

సుహితకి ఇదేం చెప్పలేదు.
"ముడి వెయ్యి" అన్నాను, దారం చూపించి.
వేసింది. జారింది.
"మళ్ళీ వెయ్యి. దారం చూడకు.
తలుపులోంచి ఆ మూడో మంచం ఊపిరి చూడు."

పెదాలు కదుపుతూ కూర్చుంది.
"ఇరవై రెండు అక్కా."
"అంకె కాదు."

కాసేపు నా వంక చూసి
చట్నీ చేతులు కడుక్కుని
లోపలికి నడిచింది.
బయట గుమ్మిడిపూండి మొదటి లోకల్ కూసింది.
ఆమె వేసిన ముడి
ఈసారి నిలిచిందో లేదో
లాగి చూడాలి.